మద్రాసు స్టూడియోల నుంచి నాయుడుపేట ఇళ్లకు: మైకు ప్రీయాంప్ చరిత్ర

మైకులో పడిన గొంతు నేరుగా రికార్డు కాదు. గాలి కదలికను మైకు విద్యుత్తుగా మారుస్తుంది గానీ, ఆ విద్యుత్తు వోల్టులో వెయ్యో వంతుకు అటూ ఇటూగా ఉండే సన్నని సంకేతం మాత్రమే కాబట్టి, దాన్ని టేపుకో, కంప్యూటరుకో, స్పీకర్లను నడిపే పెద్ద యాంప్లిఫయరుకో అందించే ముందు కొన్ని వందల రెట్లు పెంచవలసి ఉంటుంది. ఈ తొలి పెంపు చేసే సర్క్యూట్‌నే మైకు ప్రీయాంప్లిఫయర్ అని, వాడుకలో ప్రీయాంప్ అని అంటారు. పెంచే క్రమంలో గొంతుతోపాటు ఆ సర్క్యూట్ తనంతట తానుగా పుట్టించే చిన్న హోరు కూడా పెరుగుతుంది. పాట ఆగిన చోట సన్నగా 'సుయ్' మని వినిపించే ఆ శబ్దాన్ని రికార్డిస్టులు హిస్ అంటారు. ప్రీయాంప్ ఎంత పెంచగలదు, పెంచుతూ తన శబ్దాన్ని ఎంత తక్కువగా కలుపుతుంది అనే రెండు ప్రశ్నల చుట్టూనే ఈ పరికరం వందేళ్ల చరిత్ర నడిచింది. ఇంట్లో రికార్డింగుకు తక్కువ ధరలో ప్రీయాంప్ కొనాలనుకునేవారికి ఈనాటికీ ముఖ్యమైనవి ఆ రెండు ప్రశ్నలే.

స్వర్ణముఖి ఒడ్డున, మద్రాసు–గూడూరు రైలుమార్గం మీద, మద్రాసుకు ఉత్తరాన సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉన్న నాయుడుపేట ఈ చరిత్రను చూడడానికి తగిన చోటు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా, ఈ పట్టణం అప్పుడున్న నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆ తరువాత కూడా చదువుకు, వైద్యానికి, వ్యాపారానికి, సినిమాకు ఈ ప్రాంతం చూపు చాలాకాలం దక్షిణం వైపే సాగింది. 2022 ఏప్రిల్‌లో కొత్త తిరుపతి జిల్లాలో చేరిన ఈ పట్టణానికి, తెలుగు పాట రికార్డయ్యే మద్రాసు థియేటర్లన్నీ కొన్ని గంటల రైలు ప్రయాణంలోనే ఉండేవి. అయినా ఆ థియేటర్ల తలుపులు మాత్రం సామాన్య గాయకుడికి అందనంత దూరంలో ఉండేవి. ఆ దూరం ఎలా తగ్గుతూ వచ్చిందో చెప్పడమంటే, చాలావరకు ప్రీయాంప్ ధర, పరిమాణం ఎలా తగ్గుతూ వచ్చాయో చెప్పడమే.

మైకు లేని కాలంలో రికార్డింగు గొంతు బలం మీద ఆధారపడింది. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో తొలి భారతీయ రికార్డులు తీసినప్పుడు గాయకులు ఒక పెద్ద గొట్టం మూతిలోకి పాడవలసి వచ్చింది. ఆ గొట్టం కొసనున్న పలుచని పొర కదలికే సూదిని కదిపి మైనంలో గాడి గీసేది. ఈ పద్ధతిలో ఎక్కడా విద్యుత్తు లేదు, పెంపూ లేదు. గొట్టంలోకి పోయిన బలమే రికార్డుకు దక్కేది. ప్రేక్షకుల చివరి వరుసదాకా రాగం తీసి పద్యం పాడడం అలవాటైన రంగస్థల నటుల గొంతులు ఇలాంటి రికార్డుకు బాగా కుదిరాయి. తొలినాటి తెలుగు గ్రామఫోను రికార్డుల్లో నాటక పద్యాలకు దక్కిన చోటుకు జనాదరణ ఎంత కారణమో, యంత్రం అవసరం కూడా అంతే కారణమని చెప్పవచ్చు.

1925లో పరిస్థితి మారింది. అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు మైకును, వాల్వులతో చేసిన యాంప్లిఫయరును కలిపి రికార్డు కోసే విధానాన్ని ఆ ఏడాది గ్రామఫోను కంపెనీలకు అందించారు. వాల్వు అంటే గాలి తీసేసిన గాజు బుడ్డిలో వేడెక్కిన తీగ నుంచి వెలువడే ఎలక్ట్రాన్లను ఒక జల్లెడ లాంటి తీగతో అదుపు చేస్తూ చిన్న సంకేతంతో పెద్ద విద్యుత్తును నడిపించే సాధనం. 1906లో లీ డి ఫారెస్ట్ చేసిన ఆడియన్ దీనికి మూలం. అదే వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో ఇ.సి. వెంటె 1916 ప్రాంతంలో రూపొందించిన కండెన్సర్ మైకు గొంతును ఎంతో శుభ్రంగా పట్టేది గానీ దాని సంకేతం ఎంత బలహీనమంటే, మైకుకు ఆనుకునే ఒక వాల్వు యాంప్లిఫయర్ ఉంటే తప్ప అది తీగ చివరికి చేరేది కాదు. మైకు, దాని వెంట తప్పనిసరిగా ప్రీయాంప్ అనే జంట ఇక్కడ స్థిరపడింది. దీని ఫలితం సంగీతం మీద వెంటనే పడింది. మెల్లగా, ఊపిరి వినిపించేంత దగ్గరగా పాడే గొంతులకు ఇక చోటు దొరికింది. చిత్తూరు జిల్లాకు చెందిన ఎ.ఎం. రాజా లాంటి మృదుగాయకులు 1950ల తెలుగు, తమిళ సినిమాల్లో పేరు తెచ్చుకోవడం వెనుక వారి ప్రతిభతోపాటు ఈ పెంపు సర్క్యూటు కూడా ఉంది.

అయితే దాదాపు అర్ధశతాబ్దం పాటు ప్రీయాంప్ సంస్థల సొత్తుగానే మిగిలింది. మద్రాసులో 1924లో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ప్రసారాలు మొదలుపెట్టింది. అది డబ్బు లేక మూతపడ్డాక 1930లో నగర కార్పొరేషన్ ఆ పని చేపట్టింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమయింది. బాలాంత్రపు రజనీకాంతరావు వంటి వారు ఉద్యోగంలో చేరి తెలుగు లలితసంగీతాన్ని తీర్చిదిద్దింది ఆ కేంద్రంలోనే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. సినిమా వైపు చూస్తే, 1934లో ఎ. నారాయణన్ మద్రాసులో శ్రీనివాస సినీటోన్ పేరుతో శబ్దచిత్రాల స్టూడియో పెట్టగా, ఆయన భార్య మీనా నారాయణన్ అక్కడే శబ్దగ్రహణం నేర్చి దేశంలో తొలి మహిళా సౌండ్ రికార్డిస్టుగా గుర్తింపు పొందారు. 'మాయాబజార్' (1957)కు శబ్దగ్రహణం చేసిన ఎ. కృష్ణన్, శివరాంల వంటి వారి చేతుల్లో తెలుగు పాట ఎదిగింది. ఈ గదుల్లోని కన్సోళ్లు, అంటే అనేక మైకుల ప్రీయాంపులను ఒకే బల్లలో వరుసగా అమర్చిన నియంత్రణ యంత్రాలు, విదేశాల నుంచి వచ్చినవి, బరువైనవి, ఖరీదైనవి. వాటి ముందు నిలబడే అవకాశం రావడమే గాయకుడి జీవితంలో పెద్ద మలుపు.

నెల్లూరు తీరానికి బాగా తెలిసిన ఉదాహరణ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానిది. హరికథా విద్వాంసుడు సాంబమూర్తి కుమారుడైన ఆయన శ్రీకాళహస్తిలో చదువుకునే రోజుల్లో ఒక ఉపాధ్యాయుడు ఆయన చేత 'చెంచులక్ష్మి' సినిమా పాట పాడించి టేపు రికార్డరులో నమోదు చేశారు. శ్రీకాళహస్తి కూడా నాయుడుపేట లాగే స్వర్ణముఖి ఒడ్డునున్న ఊరే. ఆ నాటి టేపు రికార్డరులో మైకు పెట్టే రంధ్రం వెనుక ఒక చిన్న ప్రీయాంప్ ఉండేది కనుక, థియేటరు బయట ఈ ప్రాంతంలో జరిగిన రికార్డింగుల్లో ఇదొక తొలినాటి ఉదాహరణగా చెప్పుకోదగినది. గూడూరులో జరిగిన ఒక పోటీలో ఎస్. జానకి ఆయన గొంతు విని సినిమాల్లో ప్రయత్నించమన్నారు. మద్రాసులో జరిగిన మరొక పోటీలో సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి ఆయనను గుర్తించారు. 1966 డిసెంబరులో 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' కోసం కోదండపాణి ఆయన చేత తొలి సినిమా పాట పాడించినప్పుడు, అదే పాటలో పి. సుశీల, పి.బి. శ్రీనివాస్‌లతోపాటు రంగస్థల కృష్ణుడిగా పేరుపొందిన కల్యాణం రఘురామయ్య కూడా పాడారు. మైకు లేకుండా వేలమందికి వినిపించడం నేర్చిన గొంతు, మైకును నమ్ముకుని పెరిగిన గొంతు ఒకే పాటలో కలిసిన ఆ రికార్డింగు తెలుగు గానచరిత్రలో అరుదైన సందర్భం. ఆ టేపును చెరిపివేయకుండా కొంతకాలం ఉంచమని కోదండపాణి సౌండ్ ఇంజనీరును కోరి, దాన్ని ఇతర సంగీత దర్శకులకు వినిపించారని బాలసుబ్రహ్మణ్యం పలు సభల్లో చెప్పారు. టేపు ఖరీదైనది కాబట్టి వాడినదాన్నే చెరిపి మళ్లీ వాడుకోవడం ఆనాటి ఆచారం. గురువు మీది కృతజ్ఞతతో ఆయన తరువాతి కాలంలో మద్రాసులో కట్టిన రికార్డింగు థియేటరుకు కోదండపాణి పేరే పెట్టారు.

థియేటరు అందుబాటులో లేకపోయినా, ప్రీయాంప్ మాత్రం ఈ పట్టణాలకు మరో రూపంలో ఏనాడో వచ్చింది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలతోపాటు మైకు సెట్టు అద్దెకిచ్చే దుకాణం కోస్తా పట్టణాలన్నిటిలో ఉన్నట్టే నాయుడుపేటలోనూ పెళ్లికి, సభకు, జాతరకు అవసరమైన అంగం. 1940లో మొదలైన అహూజా వంటి దేశీయ సంస్థలు తయారుచేసిన యాంప్లిఫయర్ ముందు పలకను దగ్గరగా చూస్తే, ఎడమ నుంచి మైకు-1, మైకు-2, మైకు-3 అని రాసిన నాబులు, పక్కన టేపురికార్డరు కలిపే ఆక్స్, ఆ తరువాత బాస్, ట్రెబుల్, చివరన మాస్టర్ వాల్యూమ్ కనిపిస్తాయి. మైకు-1 అనే ఆ నాబు వెనుక ఉన్నది ప్రీయాంపే; దానికి ఆ పేరు ఎవరూ పెట్టకపోయినా, నాటకంలో పద్యం అందుకునే ముందు ఏ నాబు ఎంత తిప్పాలో, ఎక్కడ దాటితే హారను కూత పెడుతుందో మైకు సెట్టు కుర్రవాడి చేతివేళ్లకు తెలుసు. వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చాక ఇదే యంత్రం 12 వోల్టుల బ్యాటరీతో నడవడం సులువై, కరెంటు లేని పల్లెలకు కూడా హరికథ, బుర్రకథ, ఎన్నికల ప్రసంగం చేరాయి. వెంకటగిరి పోలేరమ్మ జాతరలో, సూళ్లూరుపేట చెంగాళమ్మ బ్రహ్మోత్సవాల్లో చెట్లకు, స్తంభాలకు కట్టిన హారన్ల గుండా వినిపించిన గొంతులన్నీ ఇలాంటి ప్రీయాంపుల మీదుగా వచ్చినవే.

మైకు సెట్టు ప్రీయాంపును తక్కువ చేసి మాట్లాడడం ఈ చరిత్రకు న్యాయం కాదు. మైదానంలో వేలమంది మధ్య మోగే హారనులో హిస్ ఎవరికీ వినబడదు కాబట్టి, దాన్ని తగ్గించడానికి ఖర్చు పెట్టవలసిన అవసరం తయారీదారుకు లేదు. వానలో తడిసినా, దుమ్ము పట్టినా, వోల్టేజీ పడిపోయినా పని చేయడమే దాని ధర్మం. రికార్డింగు ధర్మం వేరు. రాత్రి వేళ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినే శ్రోతకు పల్లవికీ చరణానికీ మధ్య నిశ్శబ్దం కూడా వినిపిస్తుంది. 1980లలో క్యాసెట్లు వాడవాడలా వ్యాపించినప్పుడు, చిన్న ఊళ్ల గాయకులు భజనలను, సువార్త పాటలను, జానపదాలను మైకు సెట్టు నుంచి నేరుగా టేపుకెక్కించుకుని విన్నప్పుడు ఎదురైన ఇబ్బంది ఇదే: గొంతు బాగానే ఉంటుంది, వెనుక హోరు ఆగదు.

ఆ హోరుకు ప్రకృతి గీసిన హద్దు ఒకటుంది. 1928లో బెల్ ప్రయోగశాలలో జె.బి. జాన్సన్, హారీ నైక్విస్ట్ తేల్చినదాని ప్రకారం, వేడిమి ఉన్న ప్రతి విద్యుత్ వాహకంలో ఎలక్ట్రాన్ల అల్లకల్లోలం వల్ల కొంత శబ్దం పుట్టక తప్పదు. సాధారణ మైకు నిరోధం 150 ఓములనుకుంటే, చెవికి వినిపించే 20 కిలోహెర్ట్‌జ్ మేరలో అది సుమారు 0.22 మైక్రోవోల్టులు, అంటే వోల్టులో పది లక్షల వంతులో ఐదో వంతుకు కాస్త ఎక్కువ. ఎంత ఖరీదు పెట్టినా ఏ ప్రీయాంపూ దీని కిందికి పోలేదు. స్టూడియో ప్రీయాంపులన్నీ ఆ హద్దుకు దగ్గరయ్యేందుకు చేసిన ప్రయత్నాలే. ఇంగ్లండులో రూపర్ట్ నీవ్ 1970లో తెచ్చిన 1073 మాడ్యూలు ట్రాన్స్‌ఫార్మర్లతో, విడి ట్రాన్సిస్టర్లతో 80 డెసిబెళ్ల దాకా పెంపునిచ్చి స్టూడియోల్లో ఒక ప్రమాణంగా నిలిచింది. ఇంకో ముఖ్యమైన మార్పు 1966లో వచ్చింది: నార్వే రేడియో కోసం నాయ్‌మన్ కంపెనీ కేఎం 84 మైకు చేసినప్పుడు, అక్కడి స్టూడియోల్లో అత్యవసర దీపాలకోసం అప్పటికే 48 వోల్టుల సరఫరా ఉండడంతో, సంకేతం వచ్చే తీగల్లోనే ఆ 48 వోల్టులను మైకుకు పంపే పద్ధతిని అనుసరించారు. ఫాంటమ్ పవర్ అనే ఆ ఏర్పాటు లేకుండా ఈనాటి కండెన్సర్ మైకుల్లో అత్యధికం పనిచేయవు. ఐదు వేల రూపాయల ప్రీయాంపు పెట్టె మీద కూడా కనిపించే 48 అనే అంకె ఒక రేడియో కేంద్రపు దీపాల సరఫరా నుంచి వచ్చింది.

1970ల చివరి నుంచి తక్కువ శబ్దం గల ఆడియో చిప్పులు రావడంతో ధర పడిపోవడం మొదలయింది. 1979లో టియాక్ పోర్టాస్టూడియో క్యాసెట్ మీదే నాలుగు ట్రాకులు రికార్డు చేసే వీలు ఇచ్చింది. 1989లో ఎ.ఆర్. రెహమాన్ మద్రాసులో తన ఇంటి ఆవరణలోనే పంచతన్ రికార్డ్ ఇన్ ఏర్పాటు చేసుకోవడం, మూడేళ్లకు 'రోజా' పాటలు దేశమంతా మోగడం, ఇంటి స్టూడియో మీద దక్షిణాదిలో గౌరవాన్ని పెంచాయి. 1991 తరువాత దిగుమతుల మీది ఆంక్షలు సడలాయి. ఆ పిమ్మట కంప్యూటరు వచ్చింది. దానికి మైకును కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే ప్రీయాంపును, సంకేతాన్ని అంకెలుగా మార్చే భాగాన్ని ఒకే చిన్న పెట్టెలో బిగించిన సాధనం, మన వాడుకలో సౌండ్ కార్డు అయింది. సంగీత నిర్మాత జార్జ్ మార్టిన్ కోరికపై స్టూడియో కన్సోలుకు అదనపు మాడ్యూళ్లు చేయడానికి రూపర్ట్ నీవ్ 1985లో స్థాపించిన ఫోకస్‌రైట్ కంపెనీయే 2011లో స్కార్లెట్ ఇంటర్‌ఫేస్‌ల శ్రేణిని ఇళ్లకు తెచ్చింది. మహా స్టూడియోలకు పనిచేసిన పేరు అరచేతి పరిమాణంలో, పాతికేళ్ల తేడాతో, సామాన్య గాయకుడి బల్ల మీదికి రావడం ఈ చరిత్రలో అన్నిటికన్నా సంతోషకరమైన ఘట్టం.

ఈ పూర్వరంగంలో చూస్తే, తక్కువ ధర ప్రీయాంపుల మీద ఉన్న అనుమానం చాలావరకు గతకాలపుది. స్కార్లెట్ మూడో తరం ప్రీయాంపు సొంత శబ్దం –128 డీబీయూ (ఆడియో సంకేతాల స్థాయిని చెప్పే కొలమానం) అని తయారీదారు ఇచ్చిన అంకెను వోల్టుల్లోకి మారిస్తే సుమారు 0.31 మైక్రోవోల్టులు, ప్రకృతి హద్దు 0.22. లక్ష రూపాయలకు పైబడిన పెట్టె కూడా ఈ రెండు అంకెల మధ్యే ఆడాలి. ఇప్పుడు దీన్ని నాయుడుపేటలోని ఒక పడకగదిలో పెట్టి చూడాలి. మైకు సెట్టు వారికీ, పాస్టర్లకూ, గాయకులకూ బాగా తెలిసిన ష్యూర్ ఎస్ఎం58 మైకు, 94 డెసిబెళ్ల శబ్దానికి 1.85 మిల్లీవోల్టులు ఇస్తుంది. సీలింగు ఫ్యాను తిరిగే గదిలో శబ్దం 45 డెసిబెళ్లు అనుకుంటే, ఆ ఫ్యాను ఒక్కటే మైకులో 6.5 మైక్రోవోల్టులు పుట్టిస్తుంది. అది ప్రీయాంపు సొంత శబ్దానికి ఇరవై రెట్లు. మే నెల ఉక్కలో ఫ్యాను కట్టేయకుండా, ప్రీయాంపు మార్చి నిశ్శబ్దం కొనుక్కోవాలనుకోవడం వృథా ఖర్చు.

ఎంపికలో నిజంగా తేడా తెచ్చేది పెంపు శక్తి. ఎస్ఎం58 ఇచ్చే 1.85 మిల్లీవోల్టులను స్టూడియో ప్రమాణమైన 1.23 వోల్టులకు తేవాలంటే 56 డెసిబెళ్ల పెంపు కావాలి. మెల్లగా చదివే గొంతుకు ఇంకా ఎక్కువ. రికార్డింగులో అంత ఎత్తుకు తేనక్కర్లేదు గానీ, పెంపును మార్చే గెయిన్ నాబును చివరిదాకా తిప్పవలసి రావడం చవక పెట్టెల్లో హోరు పెంచే పరిస్థితి. ఎస్ఎం7బీ లాంటి మైకు ఇచ్చేది 1.12 మిల్లీవోల్టులే కాబట్టి దానికి పెద్ద పెంపు తప్పదు. 2023 నాటి స్కార్లెట్ నాలుగో తరం టూ-ఐ-టూ 69 డెసిబెళ్లు ఇవ్వడం ఈ లోటు తీర్చడానికే. కండెన్సర్ మైకు అయితే అదే గొంతుకు సుమారు 20 మిల్లీవోల్టులు ఇస్తుంది. దానికి 48 వోల్టులు నిలకడగా అందించే ఏ మామూలు ఇంటర్‌ఫేస్ అయినా సరిపోతుంది. పద్యం, భజన వంటి బలమైన గొంతుకు ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకూ సాధారణ ప్రీయాంపూ చాలు. వాల్వు పెట్టిన పెట్టె అని చెప్పి అమ్మే చవక ప్రీయాంపులకు అదనంగా డబ్బు పెట్టడం అనవసరం. వాటిలో వాల్వు వెలుగు చూపే పని ఎక్కువ, శబ్దం తగ్గించే పని తక్కువ.

తీరప్రాంతపు ఇళ్లలో ఇంతకంటే పెద్ద శత్రువులు రెండున్నాయి. మొదటిది కరెంటు. మన సరఫరా 50 హెర్ట్‌జ్ కాబట్టి ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో సన్నని 'గుమ్' అనే శబ్దం రికార్డులో చేరుతుంది. రెండు పిన్నుల లాప్‌టాప్ చార్జర్లు, ఫ్యాను రెగ్యులేటర్లు, చదరపు తరంగమిచ్చే పాత ఇన్వర్టర్లు దీన్ని బరబరగా మారుస్తాయి. మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ తీగలో సంకేతం ఒకదానికొకటి వ్యతిరేకంగా రెండు తీగల్లో నడిచి, బయటి నుంచి పడిన గుమ్మును ప్రీయాంపు దగ్గర కొట్టేస్తుంది గనుక, గుండ్రని పెద్ద జాక్ ఉన్న పాత మైకు తీగలను పక్కన పెట్టడం మేలు. రెండోది ఉప్పుగాలి, ఈశాన్య రుతుపవన కాలపు తేమ. కండెన్సర్ మైకు తేమకు చిటపటమంటుంది, చవక నాబులు తిప్పితే గరగరమంటాయి; సిలికా జెల్ పొట్లం వేసిన మూత డబ్బా ఈ తీరంలో రికార్డింగు సామానులో భాగం కావాలి.

కాబట్టి ఈ ప్రాంతంలో తొలిసారి కొనేవారు ముందుగా తమ మైకు వివరపత్రంలో సెన్సిటివిటీ అంకెను, అంటే ఇచ్చిన శబ్దానికి అది ఎన్ని మిల్లీవోల్టులు ఇస్తుందో చూసుకుని, దానికి తగిన పెంపు, 48 వోల్టులు ఉన్న ఒక చిన్న ఇంటర్‌ఫేస్‌తో సరిపెట్టుకుని, మిగిలిన డబ్బును ఎర్తింగుకు, మంచి తీగకు, గోడల మీద మందపాటి దుప్పట్లకు పెట్టడం ఉత్తమం. పెట్టె వచ్చిన నాడే ఇంట్లోని, వీధిలోని పెద్దలు పాడే పద్యాలను, హరికథలను, మంగళహారతులను రికార్డు చేయడం మొదలుపెట్టాలి. మద్రాసు థియేటరు దాకా వెళ్లలేకపోయిన గొంతులు ఈ తీరంలో ఇంకా ఎన్నో ఉన్నాయి, వాటిని నిలబెట్టడానికి కావలసిన యంత్రం ఇప్పుడు ఊళ్లోనే దొరుకుతుంది.